ఒకటి నొక్కితే అవును

ఆసుపత్రి నేలమాళిగలో పొద్దు తెలీదు. ఎప్పుడు చూసినా ఆవిరే. పైన పద్దెనిమిది వార్డుల్లో రోగులు పడుకుని లేచిన దుప్పట్లన్నీ ఓ రేకు గొట్టంలోంచి జారి కిందికొచ్చి పడతాయి. ఉతికి పిండిన ఆ తడి దుప్పట్లని రెండు కొసలూ పట్టి, ఒక్క దులుపు దులిపి, కాలే ఇస్త్రీ రోలరు నోటికి అందించడం ఒకావిడ పని. పందొమ్మిదేళ్ళుగా అదే పని. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, అందరి నోటా ఆవిడ దుప్పట్లక్క.

దుప్పట్లక్క చేతికి గడియారం పెట్టుకోదు. ఆ ఆవిరికి ఏ గడియారమూ ఆర్నెల్లు బతకదు. అయినా పదకొండు కావస్తోందంటే ఆవిడ కడుపుకి తెలిసిపోతుంది. టీ గంట మోగీ మోగకముందే తడి చేతులు తుడుచుకుని, సూపర్‌వైజరు గది బయట గోడకున్న ఫోను దగ్గరికి పరుగు. సెల్‌ఫోన్లు లాకర్లో పెట్టి రావాలని రూలు. తెచ్చుకున్నా ఆ పాతాళంలో సిగ్నలు అందదు.

"ఏమయ్యా, ఊపిరి బాగా ఆడుతోందా?"

బీప్.

"గొట్టం కడుక్కున్నావా?"

బీప్.

"జావ తాగావా?"

బీప్. ఈసారి కూత కొంచెం తేడా.

"పదకొండైంది, ఇంకా తాగలేదా? పొయ్యి మీద పెట్టి మరీ వచ్చానే! నేను లేకపోతే నీ గతేమిటయ్యా..."

బీ...ప్. నొక్కిన వేలు తియ్యకుండా సాగదీసి.

ఇదీ ఆ మొగుడూ పెళ్ళాల భాష. ఒకటి నొక్కితే అవును. రెండు నొక్కితే కాదు. తొమ్మిది నొక్కి పట్టుకుంటే ఇక నోర్ముయ్. సున్నా నొక్కితే, ఎక్కడిదక్కడ వదిలేసి రా. ఒకటి మీట కూతకీ రెండు మీట కూతకీ ఉన్న తేడా మామూలు చెవికి పట్టుబడదు. దుప్పట్లక్క చెవికి మాత్రం కాకికీ కోయిలకీ ఉన్నంత తేడా.

ఆయన మాట రాని మనిషని ఒకప్పుడు ఎవరైనా అనుంటే, ఆ ఊళ్ళో బస్సెక్కినవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఇరవయ్యారేళ్ళు సిటీ బస్సు కండక్టరు. బస్సు మలుపు తిరక్కముందే ఆయన గొంతు స్టాపులో దిగేది. నిద్రపోయే ప్రయాణికుడి పేరు తెలీకపోయినా వాడు దిగే చోటు తెలుసు. "చారల చొక్కా! నీ స్టాపొచ్చింది, కల్లో దిగుతావా?" అని లేపేవాడు. సమ్మె రోజుల్లో డిపో గేటు దగ్గర మీటింగు జరుగుతుంటే యాజమాన్యం కరెంటు తీయించేసింది. మైకు మూగబోయింది. ఈయన బల్లెక్కి ఆఖరి వరసదాకా వినిపించాడు. ఆరోజు నుంచి ఆయన పేరే మైకు.

తర్వాత గొంతు బొంగురుపోయింది. డిపో డాక్టరు రెండేళ్ళపాటు చప్పరించే బిళ్ళలిచ్చి, "కాస్త తక్కువ అరువు" అన్నాడు. అరవని కండక్టరుకి జీతం ఎవరిస్తారో ఆ డాక్టరు చెప్పలేదు. పెద్దాసుపత్రికి చేరేసరికి గొంతులో మాట పుట్టే భాగమంతా తీసెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు మెడ కింద నాణెమంత కన్నం, అందులో చిన్న గొట్టం. ఊపిరి పోవడం రావడం అంతా దాంట్లోంచే. ఆ గొట్టానికి కఫం అడ్డంపడితే మనిషికి మిగిలేవి నిమిషాలే.

కిందటేడు అడ్డంపడింది. ఆయన లాండ్రీకి ఫోను చేసి సున్నా నొక్కాడు. ఎత్తిన సూపర్‌వైజరు చెవిలో ఆగకుండా ఒకటే కూత. "దుప్పట్లక్కా, నీ ఇంటినుంచే!" అని అతను పెట్టిన కేకకి రోలరు ఆగింది, పైన అంబులెన్సు కదిలింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఫోను మీద దుమ్ము కూడా వాలనివ్వరు.

అలాంటి ఫోనుకి పదో తారీఖున బిల్లు వచ్చింది.

దుప్పట్లక్క మొదట పక్కింటివాళ్ళదేమో అనుకుంది. కళ్ళజోడు తుడిచి నంబరు చూసింది. తమదే. మామూలుగా వచ్చేదానికి నాలుగింతలు. "అదనపు సేవలు" అన్న మాట కింద మూడు వరసలున్నాయి. ఉదయ సూక్తులు. నవ్వుల పెట్టె. పాడండి - గెలవండి పోటీ. అడుగున ఎర్రక్షరాలు: పద్నాలుగో తేదీలోగా మొత్తం చెల్లించనిచో కనెక్షను నిలిపివేయబడును.

"ఏమయ్యా, పాటల పోటీలో చేరావటగా?"

మైకు ఒళ్ళో ఎప్పుడూ ఓ పలక ఉంటుంది. దాని మీద గీశాడు. "గెలిచానా?"

భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. ఆ నవ్వు మెడలోంచి ఈలలా వచ్చింది. దుప్పట్లక్క కూడా నవ్వింది గానీ, కళ్ళు ఎర్రక్షరాల మీదే ఉన్నాయి. 'నిలిపివేయబడును' అంట. ఎవడు నిలిపేస్తాడో చెప్పడానికి కూడా ఆ వాక్యానికి ధైర్యం లేదు.

సాయంత్రం కంపెనీకి ఫోను చేసింది. దీనికి ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి అంటూ ఓ ఆడగొంతు తీపిగా తిప్పింది. చివరికి ప్రతినిధులందరూ పనిలో ఉన్నారంటూ సంగీతం పెట్టింది. నలభై నిమిషాలు సంగీతం విన్నాక లైను తెగింది. ఫిర్యాదు చేసే ఫోనుకి కూడా చార్జీ పడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు రోలరుకి అవతలి వైపు నిలబడి వేడి దుప్పట్లు మడిచే ఆవిడకి, అక్కడందరూ పిలిచే మడత చెల్లికి, సంగతి చెప్పింది. ఇద్దరి మధ్యా తెల్లటి గుడ్డ కదులుతూనే ఉంటుంది, మాటలు దాని మీంచి అటూ ఇటూ పోతుంటాయి.

"కట్టెయ్యకక్కా! కట్టావంటే ఒప్పుకున్నట్టే. మా ఆడపడుచు ఇలాగే ఓ నెల కట్టింది. ఇప్పటికీ కడుతూనే ఉంది."

"కట్టకపోతే తీగ కోస్తారే."

"కోస్తే కొయ్యనీ, ఫోను లేకపోతే..." అని నాలుక్కరుచుకుంది.

"నీకేమే తల్లీ, మీ ఆయన గురకకే గోడలు అదురుతాయి. మా ఆయన ఊపిరాగితే పక్క గదికి కూడా వినపడదు."

మడత చెల్లి చేతిలో దుప్పటి మడిచి పెట్టింది. "ఆఫీసుకే వెళ్ళు. మనిషి ముందు మనిషి నిలబడితే ఏదో ఒకటి చెప్పక తప్పదుగా," అంది.

పన్నెండో తారీఖున సగం రోజు సెలవు పెట్టి వెళ్ళింది. చల్లటి హాలు. అద్దానికి ఇవతల ఇనుప కుర్చీల్లో జనం, అవతల చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకున్న అమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు, కళ్ళ కింద నలుపు.

"చూడమ్మా, మా ఇంట్లో పాటలు పాడేవాళ్ళు లేరు. ఉన్నది ఇద్దరం. అందులో మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే."

అమ్మాయి తెర మీద వెతికింది. "మీ నంబరు నుంచి అంగీకారం నమోదైంది ఆంటీ. మూడు సేవలకీ."

"ఎవరమ్మా అంగీకరించింది? పొద్దంతా ఇంట్లో ఉండేది మా ఆయన. ఆయనకి గొంతే లేదు. ఆపరేషన్లో తీసేశారు. కాగితాలు కూడా తెచ్చాను. గొంతు లేని మనిషి ఎలా ఒప్పుకున్నాడో నువ్వే చెప్పు!"

హాలంతా వినాలనే గట్టిగా అంది. నలుగురు తలలు తిప్పారు. గెలిచినట్టే ఉంది ఆవిడకి.

"మాట అక్కర్లేదాంటీ," అంది అమ్మాయి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. "ఒకటి నొక్కితే చాలు."

దుప్పట్లక్క తెచ్చిన కాగితాలు ముందుకి తోసింది. ఏదో అనబోయింది గానీ, చెవిలో బీప్ అని వినిపించింది. ఒకటి. అవును. బాగున్నావా అంటే ఒకటి. విన్నావా అంటే ఒకటి. ఈ ఐదేళ్ళుగా ఆ ఇంట్లో ఫోనెత్తిన మనిషి అవతలివాళ్ళకి 'ఊఁ' కొట్టేది ఆ మీటతోనే.

ఒకప్పుడు ఏదో కాగితం ముందు పెట్టి, సిరా పూసిన బొటనవేలు పట్టుకుని నొక్కించి, పొలాలు రాయించుకునేవాళ్ళు. అందులో ఏముందని అడిగితే, 'నీ మంచికే' అనేవాళ్ళు. ఆ కాగితం పోయింది, సిరా పోయింది. వేలు మాత్రం అదే వేలు.

అమ్మాయి గొంతు తగ్గించింది. "మొత్తం కట్టేసి తర్వాత ఫిర్యాదు చేసుకోవచ్చు. లేదంటే ఈ ఫారం. పద్నాలుగు సాయంత్రం ఐదులోపు ఇవ్వాలి. దాటితే కంప్యూటరే లైను తీసేస్తుంది, నా చేతుల్లో ఉండదు."

ఫారంలో కారణం అన్నచోట నాలుగు గళ్ళున్నాయి. ఫోను దొంగిలించబడింది, దానికి పోలీసు కాగితం జతచెయ్యాలి. ఒకే సేవకి రెండుసార్లు బిల్లు వేశారు. ఆ తేదీన లైను పనిచెయ్యలేదు. ఆఖరిది: వినియోగదారుడు మతిస్థిమితం లేని వ్యక్తి.

"ఆ చివరిదాంట్లో టిక్కు పెట్టి అంకుల్‌తో సంతకం చేయించుకురండి. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మీకు సాయం చేద్దామనే చెప్తున్నా ఆంటీ."

నిజంగానే సాయం చేద్దామని చెప్పింది ఆ పిల్ల. అదే దుప్పట్లక్కకి మరీ కష్టంగా అనిపించింది. తిట్టుకోడానికి కూడా ఎదురుగా మనిషి లేడు.

ఇంటికెళ్ళి ఏమీ చెప్పలేదు. "చూస్తామన్నారు," అంది. ఒకటి నొక్కింది నువ్వేనయ్యా అంటే ఆయన ఏమైపోతాడో తెలుసు. గొంతుతోపాటు అన్నీ పోయాక మిగిలింది ఆ ఒక్క వేలే. ఫారం మడిచి బీరువాలో తన బట్టల కింద దాచింది.

ఊరందరి దుప్పట్లూ చూసే మనిషికి ఇంట్లో బట్టలు మడిచి సర్దేది ఎవరో గుర్తులేకపోయింది.

పదమూడో తారీఖు, పదకొండు గంటలు. దుప్పట్లక్క నంబరు నొక్కింది. మోగుతోంది. మామూలుగా రెండో గంటకే ఎత్తుతాడు. ఐదు. ఎనిమిది. పన్నెండు. పెట్టేసి మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది.

స్నానానికి వెళ్ళాడేమో. పదకొండింటికి ఆయన స్నానానికి వెళ్ళడు. నిద్రపోయాడేమో. ఆ ఫోను మోత చచ్చినవాణ్ణి లేపుతుంది. ఆ మాట మనసులో అనుకున్నాక తనని తానే తిట్టుకుంది. మూడోసారి చేసింది. పక్కింటివాళ్ళు పొద్దున్నే పనిలోకి పోతారు, వాళ్ళని పంపే దారి కూడా లేదు.

"సార్, నేను ఇంటికెళ్ళాలి."

"మధ్యలో వెళ్తే సగం రోజు కోత. నిన్ననే సగం..." సూపర్‌వైజరు ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. "పో. అంబులెన్సు వాళ్ళతో చెప్పనా?"

"సున్నా రాలేదు సార్. ఏమీ రాలేదు. ఏమని చెప్పమంటారు?"

బస్సులో పదకొండు స్టాపులు. ప్రతి స్టాపులోనూ ఎక్కేవాళ్ళు చిల్లర కోసం జేబులన్నీ వెతికారు. ఇప్పుడు కండక్టర్లు లేరు, డబ్బాలో డబ్బులేస్తే టిక్కెట్టు వస్తుంది. ఎక్కువైతే డబ్బా మింగుతుంది, తక్కువైతే అరుస్తుంది. దుప్పట్లక్క ముందు సీటు కడ్డీ పట్టుకుని ఊపిరులు లెక్కపెట్టుకుంది, తనవి కాదు, ఆయనవి. నిమిషానికి పదహారు. తనింకా దారిలోనే ఉంది. పదహారు. ఇంకో పదహారు.

మెట్లెక్కుతుంటే తలుపు దానంతటదే తెరుచుకుంది.

గుమ్మంలో మైకు. బయటికెళ్ళే చొక్కా వేసుకున్నాడు, మెడ కన్నం మీద పల్చటి కండువా కట్టుకున్నాడు. కాళ్ళకి చెప్పులు. మొహం నెత్తురు చుక్క లేనట్టుంది. ఆవిణ్ణి చూడగానే తలుపు రెక్క పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. మెడలో ఈల గబగబా మోగుతోంది.

"ఫోనెందుకెత్తలేదు? చంపేద్దామనుకున్నావా నన్ను? ఎన్నిసార్లు చేశాను..."

ఆయన పలక మీద వంకరటింకరగా గీశాడు. "నువ్వే చెయ్యలేదు. పదకొండు దాటిపోయింది. నీకేమైందో అని."

లోపల ఫోను బల్ల మీదే ఉంది. గోడ దగ్గర తీగ కొస సాకెట్టుకి ఆనుకునుంది గానీ, దాని చిన్న పట్టు విరిగి పక్కకి వేలాడుతోంది. ఇవతల ఆవిడకి మోగుతున్నట్టే వినిపించింది, అవతల ఆ ఇంట్లో చీమ చిటుక్కుమన్నది లేదు. బల్ల మీద, ఫోను పక్కనే, ఫారం. నాలుగో గడి మీద ఆయన బొటనవేలి చెమట మరక.

కాసేపటికి పలక మీద ఒక్కో ముక్కా వచ్చింది. పొద్దున్న బట్టలు సర్దుతుంటే దొరికింది. కాగితం చేతికొస్తే చదవకుండా వదిలే చెయ్యి కాదు, ఇరవయ్యారేళ్ళు టిక్కెట్లు చూసిన చెయ్యి. 'ఒకటి నొక్కండి' అనే ఆ కంపెనీ యంత్రం మళ్ళీ ఎక్కడ ఫోను చేస్తుందోనని తీగ పీకేశాడు. పదకొండుకి ఐదు నిమిషాల ముందు మళ్ళీ గుచ్చాడు. పట్టు విరిగిన సంగతి చూసుకోలేదు. ఫోను మోగకపోయేసరికి ఆవిడకేదో అయిందని ఒకసారి, కంపెనీ వాళ్ళు ఒకరోజు ముందే కోసేశారని ఒకసారి అనుకున్నాడు. అదీ తన వల్లేనని.

"ఎందుకు నొక్కావయ్యా?" అంది దుప్పట్లక్క. కోపం అప్పటికి కారిపోయింది.

ఆయన బలపం అందుకున్నాడు.

"బాగున్నారా అని అడిగింది. పలకరిస్తే పలక్కపోతే ఎలా?"

తుడిచి, మళ్ళీ రాశాడు. "నువ్వు కాక పొద్దంతా ఫోను చేసేది అదొక్కతే."

దుప్పట్లక్క వంటింట్లోకి వెళ్ళి, జావ వేడి చేస్తున్నట్టు నటిస్తూ, చాలాసేపు అక్కడే నిలబడింది.

విరిగిన పట్టుకి అగ్గిపుల్ల ముక్క అడ్డుపెట్టి తీగ బిగించారు. మూడింటికి కంపెనీ లైను ఉందో లేదోనని ఎత్తి చూశారు. నాలుగింటికి మళ్ళీ చూశారు. ఉంది. ఇంకా ఒక్కరోజు ఉంటుంది.

పద్నాలుగో తారీఖున ఇద్దరూ కలిసి వెళ్ళారు. మైకు భుజానికి గుడ్డ సంచీ, అందులో పలకా, బిల్లూ. టోకెను చేతికొచ్చేసరికి మూడున్నర దాటింది. వాళ్ళ వంతు వచ్చేసరికి నాలుగుంపావు. అదే అమ్మాయి. మైకుని చూసి లేచి నిలబడబోయి కూర్చుంది.

"ఫారం తెచ్చారా ఆంటీ? చివరి గడి..."

దుప్పట్లక్క కలం అందుకుంది. టిక్కు పెట్టబోయే చోట మైకు అరచెయ్యి వచ్చి పడింది.

"తియ్యవయ్యా చెయ్యి. కాగితమ్మీద పిచ్చోడివైతే ఏం పోయింది? నువ్వేంటో నాకు తెలీదా?"

ఆయన కదల్లేదు. రెండో చేత్తో పలక మీద రాసి అద్దానికి ఆనించాడు. "మాట పోయింది. మతి పోలేదు."

"ఆ మతి ఉండాలంటే ముందు మనిషుండాలి! మనిషుండాలంటే తీగ ఉండాలి! నిన్న ఆ పదకొండు స్టాపులూ నేనెలా వచ్చానో నీకు తెలుసా?" ఆవిడ కలం కౌంటరు మీద పెట్టేసింది. "నీ పరువు నాకొద్దు. నీ ఊపిరి కావాలి."

వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. "తొందరగా తేల్చండమ్మా, ఐదింటికి మూసేస్తారు."

గోడ గడియారం నాలుగూ ఇరవై రెండు. దుప్పట్లక్క ఆ చెయ్యి కింద నుంచి కాగితం లాగింది. చిరుగుతుందేమోనని వదిలేసింది.

మైకు సంచీలోంచి బిల్లు తీశాడు. తిరగేశాడు. వెనక పేజీలో బూజులాంటి అక్షరాల మధ్య బలపం ముక్కతో ఒకచోట గీత గీసుంది. రాత్రి కూర్చుని ఆ చిన్నక్షరాలన్నీ చదివినట్టున్నాడు. చెల్లని టిక్కెట్టు పట్టుకున్న మొహం పెట్టి, ఆ చోట వేలు పెట్టి అమ్మాయికి చూపించాడు. పదకొండో నిబంధన: వివాదం ఉన్నచో, అంగీకార సంభాషణను వినే హక్కు వినియోగదారుడికి కలదు.

పలక మీద రాశాడు. "నేను వద్దని కూడా అన్నాను. వినిపించండి."

అమ్మాయి ఆ నిబంధన రెండుసార్లు చదివింది. అదక్కడ ఉందని ఆ పిల్లకే తెలీదు. లేచి లోపలికెళ్ళి ఆఫీసర్ని తీసుకొచ్చింది. బక్కపల్చటి మనిషి, జేబులో మూడు కలాలు. గడియారం చూసుకుంటూనే వచ్చాడు.

"ఎవరూ అడగరండీ ఇది," అన్నాడు, అడగడమే తప్పన్నట్టు. అయినా మీట నొక్కాడు. కౌంటరు మీద చిన్న స్పీకరులోంచి ఆడగొంతు హాలంతా వినబడింది.

"నమస్కారం! మీరు బాగున్నారా?"

బీప్. దాని వెనకే సన్నటి ఈల. ఊపిరి. దుప్పట్లక్క మొగుడి చెయ్యి పట్టుకుంది.

"మీ రోజుని నవ్వులతో నింపడానికి ఒక చక్కటి సేవ. పాటల పోటీ కూడా! కావాలంటే ఒకటి నొక్కండి."

బీప్.

"అదుగో, నొక్కారు కదా," అన్నాడు ఆఫీసరు.

"అది ఒకటి కాదు," అంది దుప్పట్లక్క. "రెండు."

"బీప్ అంటే బీపే కదమ్మా."

"మీకు బీపే. నాకు ఐదేళ్ళుగా అది మా ఆయన గొంతు. అది రెండు. వద్దన్నాడు. కావాలంటే ఆ తెర మీద చూడండి, ఏ మీటో రాసుంటుందిగా."

అమ్మాయి తెర వైపు వంగింది. వేలితో వరస వెంట జరిపింది. "రెండే సార్," అంది మెల్లగా.

స్పీకరు ఆగలేదు. "క్షమించండి, మీ ఎంపిక సరైనది కాదు. కావాలంటే ఒకటి నొక్కండి." బీప్. "రెండు," అంది దుప్పట్లక్క. "క్షమించండి, మీ ఎంపిక సరైనది కాదు." బీప్. "రెండు." మళ్ళీ క్షమించండి. మళ్ళీ రెండు. నాలుగోసారికి వెనక వరసలో వాళ్ళు కూడా ఆవిడతోపాటు రెండు అన్నారు. కావాలనడానికి ఒక మీట పెట్టారు గానీ, వద్దనడానికి ఆ యంత్రానికి మీటే లేదు.

తర్వాత కూతలు ఆగాయి. ఈల ఒక్కటే వినిపిస్తోంది. అప్పుడు ఆ గొంతు మరీ తీపిగా అడిగింది. "మీరు ఇంకా లైన్లో ఉన్నారా? ఉంటే ఒకటి నొక్కండి."

బీప్.

ఈసారి దుప్పట్లక్క ఏమీ అనలేదు.

"ధన్యవాదాలు! మీ సేవలు ప్రారంభమయ్యాయి."

ఆఫీసరు ఒక కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "సాంకేతికంగా చూస్తే చివర్లో ఒకటి..."

"ఏం సాంకేతికం నాయనా!" వెనకనుంచి చేతికర్ర పెద్దావిడ లేచింది. "తలుపు తట్టి 'ఇంట్లో ఉన్నారా' అని అడిగితే 'ఉన్నాం' అన్నందుకు ఇల్లు రాసిచ్చినట్టా? ఏదీ, నా బిల్లు చూడు. నాకూ ఉంది ఈ పాటల పోటీ. పళ్ళన్నీ ఊడాయి, నేనేం పాడతాను?"

ఇంకొకాయన జేబులోంచి బిల్లు తీసి విప్పాడు. ఇనుప కుర్చీల్లో కాగితాలు గలగలమన్నాయి. నవ్వుల పెట్టె ఒకరికుంది, ఉదయ సూక్తులు ముగ్గురికున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు, ఇంట్లో ఎవరో చేసుంటార్లే అని కట్టుకుంటూ వచ్చినవాళ్ళే. తప్పు మనదేనేమో అని పేదవాడు సిగ్గుపడే ఆ ఒక్క క్షణం మీదే ఆ కంపెనీ వ్యాపారం నడుస్తోంది.

గడియారం నాలుగూ నలభై. ఆఫీసరు లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడాడు. అద్దం వెనక అతని పెదాలు కదలడం దుప్పట్లక్క చూస్తూ నిలబడింది. మైకు కండువా సరిచేసుకున్నాడు. నాలుగూ నలభై తొమ్మిదికి తిరిగొచ్చాడు.

"మామూలు చార్జీ కట్టండి. మిగతాది విచారణలో పెడుతున్నాం. అరవై రోజులు. అంతవరకూ లైను తియ్యం. కానీ ఫారంలో ఏదో ఒక కారణం పడాలి, లేకపోతే కంప్యూటరు తీసుకోదు."

అమ్మాయి ఆఫీసరు మొహం చూసింది. తర్వాత మైకు వైపు చూసింది. నాలుగు గళ్ళ కింద ఖాళీ చోట తనే కలంతో ఓ గడి గీసింది. "ఏమని రాయమంటారు అంకుల్?"

మైకు పలక మీద రాసింది రాసినట్టే ఎక్కించింది. 'వద్దన్నాను. వినలేదు.'

సంతకం పెట్టాక స్టాంపు పడింది. నాలుగూ యాభై ఆరు. వాళ్ళు పక్కకి జరగ్గానే చేతికర్ర పెద్దావిడ అద్దం దగ్గరికొచ్చింది. "నాకూ అదే రాయమ్మా. ఆ ఐదోదే."

బస్సులో దుప్పట్లక్క ఆ రసీదు రెండుసార్లు తీసి చదువుకుంది. అరవై రోజుల తర్వాత ఏమంటారో ఎవరికి తెలుసు? లైను తియ్యమని కాగితమ్మీద ఉంది, కంప్యూటరుకి ఆ కాగితం చూసే కళ్ళున్నాయో లేదో. ఆ డబ్బు విచారణలోనే ఉంది ఈరోజుకీ.

మైకు సంచీలోంచి నాణెం తీసి ముందు సీటు కడ్డీ మీద కొట్టాడు. టక్. ఆవిడ చూసింది. టక్, టక్. పలక తీశాడు. "మీటల భాష వాళ్ళకీ వచ్చు. ఇది రాదు."

పాత బస్సు భాష అది. ఒక్కటి కొడితే ఆపు. రెండు కొడితే రైట్, పోనీ. ఆగకుండా కొడితే ప్రమాదం. "మరి నోర్ముయ్‌కి?" అని అడిగింది దుప్పట్లక్క. నాణెం అంచుతో కడ్డీ పొడవునా గర్రుమని గీశాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు పదకొండింటికి గోడ ఫోను దగ్గర దుప్పట్లక్క వేళ్ళు నంబరు మీద ఒకసారి తడబడ్డాయి. రోలరు అవతల మడత చెల్లి దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడింది. మోగింది. రెండో గంటకి ఎత్తాడు.

"ఏమయ్యా... ఊపిరి ఆడుతోందా?"

టక్.

అంతే. ఒక్కటే. తర్వాత ఏమీ లేదు. ఒక్కటంటే ఆపు. ఒక్కటంటే కాదు. దుప్పట్లక్క రిసీవరుని చెవికి నొక్కిపట్టుకుంది. బల్ల మీద ఏదో దొర్లిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, వంగి లేచిన ఈల.

టక్, టక్.

"నాణెం జారిందా?"

టక్, టక్.

గోడకి ఆనుకుంది. రిసీవరు రెండో చెవికి మార్చుకుని అడిగింది. "జావ తాగావా?"

టక్.

"పదకొండైంది, ఇంకా తాగలేదా? నేను లేకపోతే నీ గతేమిటయ్యా..."

గర్ర్‌మని గీత పొడుగ్గా వినిపించింది. దుప్పట్లక్క ఫోను పెట్టేసి, తడి దుప్పటి అందుకుంది.